గోదావరి దాటితేనే సాఫ్ట్‌వేరా?

సంక్రాంతి మూడు రోజులూ మా గోదావరి జిల్లాల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది. "కంప్యూటర్లు చదివినవాడు హైదరాబాదులో ఉండాలి, బెంగుళూరులో ఉండాలి, ఇంకా చేవ ఉంటే అమెరికాలో ఉండాలి. రాజమండ్రిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడంటే వాడికి ఎక్కడా ఉద్యోగం రాలేదన్నమాట." పెళ్ళి సంబంధాలు తెచ్చే పెద్దమనిషిదీ ఈ మాటే, బ్యాంకులో అప్పు కాగితాలు చూసే ఆఫీసరుదీ ఈ మాటే, ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూసే మాస్టారిదీ ఈ మాటే. కనుమ మర్నాడు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నిలబడ్డానికి చోటుండదు కదా, అదే సాక్ష్యం అంటారు.

నేను రాజమండ్రిలో మరో ఐదుగురితో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాను. ఈ మాట నా ఒక్కడి గురించే అయితే విని ఊరుకునేవాణ్ణి. కానీ పిల్లల చదువులూ, పెళ్ళిళ్ళూ, బ్యాంకు అప్పులూ, చివరికి ప్రభుత్వ విధానాలూ దీని మీదే నడుస్తున్నాయి. అందుకే ఇది తప్పని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ముందు వాళ్ళ వాదనను దాని బలం తగ్గించకుండా చెబుతాను. కంపెనీలన్నీ పట్నాల్లోనే ఉన్నాయి కాబట్టి పనీ అక్కడే ఉంది. నెల తిరిగేసరికి జీతం పడితే బతుక్కి భరోసా. ఫ్రీలాన్సింగ్‌లో ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. పల్లెలో ఐటీ అంటూ ఇక్కడ చేసిన ప్రయోగాలు నిలబడలేదు. నెట్‌నూ కరెంటునూ నమ్ముకోలేం. పని నేర్పే సీనియర్లు ఇక్కడ లేరు. ఇవేవీ తెలివితక్కువ మాటలు కావు. పిల్లల మీద ప్రేమతో, భయంతో పెద్దవాళ్ళు అంటున్నవి. అయినా ఒక్కొక్కటే విప్పి చూస్తే లోపల ఉన్నది వేరు.

1. "కంపెనీలు లేవు కాబట్టి పని లేదు"

కంపెనీ లేకపోతే ఉద్యోగం ఉండదు, నిజమే. పని ఉండదని ఎవరన్నారు? ఉద్యోగాన్నీ పనినీ ఒకటే అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది.

మా మొదటి పెద్ద కస్టమరు భీమవరం దగ్గర రొయ్యల మేత అమ్మే డీలరు. రైతులకు మేత అరువిస్తాడు, పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటాడు. అంతకుముందు పట్నంలో ఒక కంపెనీ దగ్గర డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొన్నాడు. అది రైతు పేరు మీద ఖాతా తెరుస్తుంది. మా వైపు లెక్క అలా నడవదు. ఒకే రైతు మూడు చెరువులు కౌలుకు తీసుకుంటాడు, మూడింటిలో ముగ్గురు వేరు వేరు వాటాదారులుంటారు. ఒక చెరువు తెల్లమచ్చ తెగులు తగిలి పోతుంది, పక్క చెరువు నలభై కౌంటుకు, అంటే కిలోకు నలభై రొయ్యల సైజుకు, వస్తుంది. ఖాతా చెరువు పేరు మీద ఉండాలి, రొయ్యపిల్ల వదిలిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి. ఇది తెలుసుకోవడానికి మాకు ఒక్క సాయంత్రం పట్టింది. మాలో ఇద్దరు చెరువుగట్ల మీద పెరిగినవాళ్ళే.

కడియం నర్సరీల సంగతీ అంతే. కడియపులంక నుంచి మొక్కలు దేశమంతటికీ లారీల్లో వెళ్తాయి. మామూలు స్టాకు సాఫ్ట్‌వేర్‌లో సరుకు కొన్ననాడు ఎలా ఉందో అమ్మేనాడూ అలాగే ఉంటుంది. నర్సరీలో సరుకు పెరుగుతుంది. ఈ ఏడు చిన్న కవర్లో ఉన్న మొక్క వచ్చే ఏటికి పెద్ద కవర్లోకి మారి వేరే ధర పలుకుతుంది, కొన్ని చచ్చిపోతాయి, కొన్ని అంట్లు కట్టడానికి పోతాయి. ఈ లెక్కను ఇప్పటికీ నోటు పుస్తకాల్లో మోస్తున్న నర్సరీలు ఎన్నో ఉన్నాయి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, తాడితోట బట్టల హోల్‌సేలు కొట్లు, మండపేట, తణుకు చుట్టూ రైసు మిల్లులు, ఆత్రేయపురం పూతరేకుల ఇళ్ళు, ఎటు చూసినా చేతి రాతల్లో చిక్కుకున్న వ్యాపారమే. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు కొలిచే పరికరాలు చేసి, నెదర్లాండ్స్ కంపెనీ నూట్రెకో నుంచి పెట్టుబడి సంపాదించింది. ఆ సంస్థకు చెరువులు దగ్గరగా ఉండడమే పెట్టుబడి అయింది.

"ఇక్కడి వ్యాపారులు సాఫ్ట్‌వేర్‌కి డబ్బివ్వరండీ" అంటారు. ఇస్తారు, ఆలస్యంగా ఇస్తారు. "మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరే, వాడు ఊరికే చేసిపెడతానన్నాడు" అని ముందు మమ్మల్ని పంపించేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మేనల్లుడికి ఆఫీసు నుంచి తీరిక దొరకలేదు. ఏడాది తర్వాత వాళ్ళే కబురు పెట్టారు.

పెద్ద కంపెనీ వస్తేనే మనకు పని అన్న నమ్మకం ప్రభుత్వాలకూ అంటుకుంది. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతానంది. రావాల్సిందే, కాదనను. కానీ ఐదారుగురితో నడిచే ఆఫీసుకు పట్టణం మధ్యలో అద్దె భరించగలిగే గది ఒకటి చూపించమంటే, దానికి దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలో చెప్పినవాళ్ళు నాకు ఇంతవరకూ కనపడలేదు.

2. "నెల జీతమే భరోసా"

పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజనీరు జీతం పదేళ్ళకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈ మధ్యలో మాధాపూర్ హాస్టలు అద్దె ఎంత పెరిగింది, టిఫిను ధర ఎంత పెరిగింది, పండక్కి ప్రైవేటు బస్సు టికెట్టు ఎంత పెరిగింది? నెలకు చేతికొచ్చే పాతిక వేలల్లో ఇవన్నీ పోను ఇంటికి పంపేది ఏమీ మిగలక, ఇంటి నుంచే తెప్పించుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. అదే కుర్రాడు ఇక్కడే ఉండి విదేశీ కస్టమరుకు గంటకు 12 డాలర్ల చొప్పున నెలకు 60 గంటల పనికి బిల్లు వేయగలిగితే 720 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా 61,200. మొదటి నెలే రాదు, ఏడాదీ ఏడాదిన్నరా పట్టవచ్చు. అది ఒప్పుకుంటూనే చెబుతున్నాను: ఈ లెక్కను ఏ ఇంట్లోనూ కాగితం మీద వేసి చూడడం లేదు.

ఇక భరోసా. 2025 జులైలో టీసీఎస్ ఒక్కటే సుమారు 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బి వీసా దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఆ వారం మా జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో నిద్రలు లేవో అందరికీ తెలుసు. జీతగాడంటే ఒక్క కస్టమరు మాత్రమే ఉన్న వ్యాపారి. ఆ ఒక్కడూ వద్దంటే సున్నా. దీని అర్థం మా రొయ్య రైతుకు వివరించనక్కర్లేదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరంలో ధర ఏమైందో చూశాడు. ఒక్క దేశం కొనుగోలు మీద బతకడం ప్రమాదమని అప్పుడు ఊరంతా అంది. ఒక్క కంపెనీ జీతం మీద బతకడం మాత్రం భరోసా అంటోంది.

వలసే రక్ష అన్న నమ్మకం ఈ డెల్టాకు కొత్తది కాదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మన తాతముత్తాతలు బర్మా వెళ్ళారు. ఎంతమంది వెళ్ళారంటే రంగూన్‌లో తెలుగువాళ్ళకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1930లో రంగూన్ రేవు కూలిపని మీద తగాదా అల్లర్లయి వాళ్ళ మీదే పడింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కొండలూ అడవులూ పడి కాలినడకన తిరిగి రావాల్సి వచ్చింది, దారిలో ఎందరో చచ్చిపోయారు. వెళ్ళినవాళ్ళది తప్పని నేననడం లేదు. వెళ్ళడమే రక్ష, ఉండడమే ప్రమాదం అన్న లెక్కకు మన చరిత్రే ఒప్పుకోదంటున్నాను.

3. "ఇక్కడ చేసి చూశారు కదా, నిలబడలేదు"

ఈ మాటన్నవాళ్ళు బైర్రాజు ఫౌండేషన్ నడిపిన గ్రామ్‌ఐటీని చూపిస్తారు. సత్యం కంప్యూటర్స్ స్థాపించిన రామలింగరాజు కుటుంబం 2001లో పెట్టిన ఫౌండేషన్ అది. పశ్చిమ గోదావరిలో జల్లికాకినాడ, తూర్పు గోదావరిలో ఈతకోట, ఇలాంటి ఊళ్ళల్లో కేంద్రాలు తెరిచి, ఊళ్ళో చదువుకున్న పిల్లలతోనే కంపెనీల ఆఫీసు పని చేయించారు. పిల్లలు చేయగలరని ఆ రోజుల్లోనే రుజువైంది. ఆ పనిలో సత్యం సొంత పని పెద్ద భాగం. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడగానే ఫౌండేషన్‌కు దన్ను పోయింది.

ఈ కథలో విఫలమైంది ఏది? ఊరా? పిల్లలా? నెట్టా? పోషించే చెయ్యి ఒక్కటే కావడం. ఆ చెయ్యి హైదరాబాదులో ఉంది, తప్పు జరిగిందీ హైదరాబాదులోనే. శిక్ష మాత్రం జల్లికాకినాడ పేరు మీద రాశారు. అదే సత్యం హైదరాబాదు ఆఫీసులో పనిచేసిన వేలమంది కూడా ఆ రోజు అంతే వణికారు. అందుకని హైదరాబాదులో ఐటీ నిలబడదని ఎవరైనా అన్నారా?

నిలబడ్డదాన్ని చూడాలంటే తెన్‌కాశి వెళ్ళాలి. జోహో సంస్థ 2011లో తమిళనాడులోని ఆ మారుమూల ప్రాంతంలో ఆఫీసు తెరిచింది. అక్కడి మత్తళంపారై అనే పల్లె నుంచి ప్రపంచమంతా కొనే సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. మన రేణిగుంటలోనూ దానికి ఆఫీసుంది. ఆ సంస్థకు సొంత సరుకుంది, సొంత కస్టమర్లున్నారు. గ్రామ్‌ఐటీకి కరువైంది అదే.

4. "ఇంట్లో కూర్చుని చేసేది పనేనా?"

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే మాట ఇది. దీనికి జవాబు నరసాపురంలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంటింటా పాకింది. మన ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని అల్లిన లేసు యూరప్ బల్లల మీదా, అమెరికా కిటికీల మీదా పరుచుకుంది. అంటే ఇంట్లో కూర్చుని విదేశాలకు పని చేసిపెట్టడం ఈ డెల్టాలో ఇంటర్నెట్ పుట్టక ముందు నుంచే ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి వాళ్ళతో మాట్లాడి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేసింది. అందులో ఆమె చూపించింది ఇది: ఇంటి పనంతా చేసుకుని రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లే ఆడమనిషిని ఇంట్లోవాళ్ళూ, వర్తకుడూ, ప్రభుత్వమూ 'ఇంట్లో కూర్చునే గృహిణి' అనే అన్నారు. అల్లిక పని కాదు, తీరిక వేళ కాలక్షేపం. కాలక్షేపానికి కూలి అడగడమేమిటి? అలా ఆ మాటే రేటు తొక్కిపెట్టింది. దారం ఇచ్చేది వర్తకుడు, సరుకు పట్టుకెళ్ళేది ఏజెంటు, కొనేవాడెవరో అల్లినామెకు జన్మలో తెలియదు. మేడలు ఎగుమతిదారులకు లేచాయి.

ఇప్పుడు మా వీధుల్లో చూడండి. బీటెక్ చదివి, పెళ్ళయి, బిడ్డ పుట్టి ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఎందరు? వాళ్ళలో ఒకామె మధ్యాహ్నం బిడ్డను పడుకోబెట్టి కెనడాలోని దుకాణానికి వెబ్‌సైటు చేస్తుంటే, అత్తగారు వచ్చినవాళ్ళతో "కోడలు ఖాళీగానే ఉందండీ, ఏదో కంప్యూటర్లో చేసుకుంటూ ఉంటుంది" అంటుంది. ఆ అమ్మాయే రేటు చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, అడగాల్సినదాంట్లో సగం అడుగుతుంది. నలభై ఏళ్ళ నాడు మీస్ రాసిన వాక్యమే మళ్ళీ పలుకుతున్నాం. పట్నం ఆఫీసులో చేస్తేనే పని అన్న అభిప్రాయం వల్ల మగపిల్లలకు ఊరు దూరమవుతుంది. ఆడపిల్లలకు చదివిన చదువే దూరమవుతుంది. ఈ ఒక్క కారణం చాలు నేను దీన్ని ఖండించడానికి.

నా పక్షాన ఉన్నవాళ్ళతోనూ ఇక్కడ ఒక మాట అనాలి. అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఫ్రీలాన్సింగ్ వేదికలో ఖాతా తెరవగానే స్వతంత్రులమైపోయామని అనుకోవద్దు. కస్టమరు ఫోన్ నెంబరు ఆ వేదిక దగ్గరే ఉండి, మీ పనికి మార్కులు వేసేదీ అదే అయి, రేపు ఖాతా మూసేస్తే మీకు దిక్కులేకపోతే, ఆ వేదిక దారం ఇచ్చే వర్తకుడే. మొదటి పని అక్కడ దొరకవచ్చు. రెండో ఏటికి మీ కస్టమరు పేరు మీ పుస్తకంలో ఉండాలి, ఒప్పందం మీ పేరున ఉండాలి. పని ఎక్కడ కూర్చుని చేశామన్నది కాదు, కొనేవాడు ఎవరి చేతిలో ఉన్నాడన్నది చూసుకోవాలి. నరసాపురం అరుగు మీద తేలిన సంగతి ఇదే, ఈతకోటలో తేలిందీ ఇదే.

5. "నెట్ ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో ఏం పని?"

ఇందులో నిజం ఉంది, దాచను. 2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ నెట్‌ను మొదలుపెట్టిందే కోనసీమలోని మోరి గ్రామంలో. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోను, టీవీ అన్నారు. ఆరేళ్ళు తిరగకుండా, 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో అల్లర్లు జరిగాయి, ఇళ్ళు తగలబడ్డాయి. ఆ జిల్లాలోనే రోజుల తరబడి ఇంటర్నెట్ కట్టేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు లాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని సిగ్నల్ కోసం గోదావరి అవతలికి, యానాం వైపు, కాకినాడ వైపు పరిగెత్తారు. ఇళ్ళకు నిప్పు పెట్టినవాళ్ళు వేరు, జీతం పోతుందేమోనని భయపడ్డవాళ్ళు వేరు.

కానీ ఆ నెట్ పోయింది తుఫానుకు కాదు. ఒక ఆర్డరుకు పోయింది. ఆర్డరుతో పోయినదాన్ని ఈ నేల స్వభావమని ఎందుకు ఒప్పుకోవాలి? 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా చేసే వృత్తి వ్యాపారాలకు కూడా రాజ్యాంగ రక్షణ ఉందనీ, నిరవధికంగా నెట్ ఆపడం చెల్లదనీ, ఆపే ఉత్తర్వులను ప్రకటించి తీరాలనీ చెప్పింది. కాలవకు నీళ్ళు కట్టేస్తే మన రైతు ఊరుకుంటాడా? లాకుల దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. నెట్ కట్టేసినప్పుడు "అందుకే హైదరాబాదు పొమ్మన్నాను" అనే పెద్దవాళ్ళు, కలెక్టరాఫీసుకు వెళ్ళి అడిగేవాళ్ళ వెనక నిలబడి ఉంటే బాగుండేది.

6. "నేర్పేవాళ్ళెవరు?"

దీన్ని సగం ఒప్పుకుంటాను. రెండు మూడేళ్ళు మంచి టీములో పనిచేసి రావడం మేలు, అడిగిన పిల్లలకు నేనూ అదే చెబుతాను. కానీ వెళ్ళడం నేర్చుకోవడానికా, వెళ్ళానని చూపించుకోవడానికా? నకిలీ అనుభవం కాగితాలు కొని దొడ్డిదారిన చేరి, దొరికిపోతామని రోజూ భయపడుతూ గడిపే కుర్రాడు ఏ సీనియరు దగ్గర ఏం నేర్చుకుంటాడు? వాణ్ణి ఆ దారి పట్టించింది కూడా ఊళ్ళో ఉంటే పరువు పోతుందన్న ఈ మాటే.

7. అసలు కరువు

మరి ఇక్కడ ఏదీ తక్కువ కాదా? తక్కువే. తెలివీ కాదు, పనీ కాదు, కాగితం.

కాకినాడలో జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ, భీమవరంలో 1980 నుంచి ఎస్‌ఆర్‌కేఆర్, సూరంపాలెంలో కాలేజీల వరస. వాటిలో చదివి మా ఆఫీసుకు వచ్చే పిల్లల్ని నేను అడిగే ప్రశ్నలు ఇవి: బిల్లు రాయడం వచ్చా? ఒప్పందంలో ఏముండాలో తెలుసా? విదేశానికి సేవ అమ్మితే, జీఎస్టీలో రిజిస్టరైనవాళ్ళు ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండానే ఎగుమతి చేయవచ్చని తెలుసా? సేవలు అమ్మేవాళ్ళకు ఏడాదికి 20 లక్షలు దాటేవరకూ మామూలుగా ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదని తెలుసా? ఐటీ వృత్తిలో ఉన్నవాళ్ళు ఆదాయపు పన్నులో అంచనా పద్ధతి కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే వీలుందనీ, 2023–24 నుంచి నగదు వసూళ్ళు ఐదు శాతం లోపుంటే దాని పరిమితి 75 లక్షలకు పెరిగిందనీ విన్నారా? నాలుగేళ్ళు చదివినవాళ్ళు ఒక్కదానికీ జవాబు చెప్పలేరు. తప్పు వాళ్ళది కాదు. ఉద్యోగం తప్ప వేరే దారి లేదని నమ్మిన కాలేజీ ఇవెందుకు నేర్పుతుంది?

మా సొంత సంగతే చెబుతాను. ఒక వ్యాపారి దగ్గర మాకు పది నెలల పాటు డబ్బు ఆగిపోయింది. అడిగినప్పుడల్లా "వచ్చే వారం రండి" అనేవాడు. ఆ పది నెలలూ నా మనుషులకు జీతాలు అప్పు చేసి ఇచ్చాను. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2023–24 లెక్కల నుంచి, గడువులో డబ్బివ్వని కొనుగోలుదారుకు ఇచ్చేదాకా ఆ ఖర్చు పన్ను లెక్కలో చెల్లదు కూడా. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా లేదు. అది ఆన్‌లైన్లో పైసా ఖర్చు లేకుండా అయ్యే పని. మాలాంటి ఆఫీసులు మూతపడితే "చూశారా, ఇక్కడ నడవదు" అని ఊరంటుంది. నడవనిది ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ కాదు, కాగితం లేకుండా నడిపిన వ్యాపారం. అది హైదరాబాదులోనూ నడవదు.

2025 ఆగస్టులో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాజమండ్రిలోనూ ఒక కేంద్రం ఇచ్చారు. అక్కడ ఉపన్యాసాలు తగ్గించి, వారానికొక పూట పన్ను ఆడిటరునీ, ఒప్పందాలు చదివిపెట్టే లాయరునీ కూర్చోబెట్టండి. బ్యాంకులు జీతం స్లిప్పు అడిగినంత సులువుగా మూడేళ్ళ పన్ను రిటర్నులు చూసి అప్పివ్వాలి. పెళ్ళి సంబంధానికి వచ్చిన పెద్దలు ప్యాకేజీ ఎంతని అడిగే బదులు కస్టమర్లు ఎందరని అడగాలి.

ఇక కాలేజీలు. ప్రతి కాలేజీ గేటు దగ్గరా ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ ఉంటుంది: ఫోటో, కంపెనీ పేరు, లక్షల్లో ప్యాకేజీ. వచ్చే ఏడాది ఆ ఫ్లెక్సీ మీద ఇంకో వరస కావాలి. ఈ జిల్లాల్లోనే ఉండి, సొంత పేరున మొదటి బిల్లు రాసిన పిల్లల ఫోటోలు, వాళ్ళ కస్టమరు ఏ ఊరివాడో, ఏ దేశంవాడో. ఆ వరస వేయించడానికి ఒప్పుకున్న మొదటి ప్రిన్సిపాల్ గారి కాలేజీకి, ఆఖరి సంవత్సరం పిల్లలకు బిల్లూ, ఒప్పందమూ, ఎల్‌యూటీ నేర్పడానికి ప్రతి శనివారం నా ఖర్చుతో నేను వస్తాను.